చేతిఫోనులో వ్రాత: సాదా పాఠపు ఎడిటరును ఎన్నుకొను విధము

విద్యార్థులారా, పలకపై వ్రాసినది తుడిచినచో పోవును. కాగితముపై వ్రాసినది తడిసినచో పోవును. తాటాకుపై వ్రాసినది చెదలు పట్టినచో పోవును. ఈ సంగతులు మన పెద్దలకు చక్కగా తెలియును గనుక వారు పలకపై అభ్యాసమును, కాగితముపై లెక్కను, తాటాకుపై గ్రంథమును వ్రాసికొనిరి. నిలువవలసిన దానికి మఱొక ప్రతి ఎత్తించి యుంచిరి. ఫోనులో వ్రాసినది ఏ విధముగా పోవునో, ఏ విధముగా నిలుచునో మనలో చాలమంది ఆలోచింపరు.

ఈ దినములలో పై తరగతులవారు వ్యాసముల చిత్తుప్రతులను, చరిత్రపాఠపు సంగ్రహములను, ఇంటి జమాఖర్చులను ఫోనులోనే వ్రాసికొనుచున్నారు. ఫోను కొనునప్పుడు పది అంగళ్లు తిరుగువారు, అందు వ్రాయుటకు యాపును ఎన్నుకొనునప్పుడు మాత్రము ముందు కనబడినదానినే తీసికొందురు. ఫోను నాలుగేండ్లకు మారును, వ్రాత మారరాదు. కావున ఎడిటరును ఎట్లు పరీక్షించి ఎన్నుకొనవలెనో ఈ పాఠమున విచారింతము.

1. సాదా పాఠమనగా నేమి?

అక్షరములు, అంకెలు, విరామచిహ్నములు, ఖాళీలు, పంక్తుల ముగింపులు, ఇవి మాత్రమే గల ఫైలునకు సాదా పాఠమని పేరు. దీనినే ప్లెయిన్ టెక్స్టు అందురు. ఇందు అక్షరముల లావుగాని, రంగుగాని, బొమ్మలుగాని ఉండవు. ఫైలు పేరునకు చివర ఒక చుక్కయు, టి, ఎక్స్, టి అను మూడు రోమను అక్షరములును ఉండుట వాడుక. ఇట్టి ఫైలును తెఱచుటకు, వ్రాయుటకు, దిద్దుటకు ఉపయోగపడు యాపును సాదా పాఠపు ఎడిటరు అందుము.

వర్డు ఫైలు ఇట్టిది కాదు. అది నిజమునకు ఒక మూట. అందు అనేకములైన చిన్న ఫైలులు కుదించి కట్టబడియుండును. "అమ్మ" అను ఒక్క మాటను వ్రాసి వర్డు ఫైలుగా భద్రపఱచినచో అది కొన్ని వేల బైట్లగును. ఆ మాటయే సాదా పాఠముగా 12 బైట్లు మాత్రమే. మూటను విప్పుటకు దానిని విప్పనేర్చిన యాపు కావలెను. సాదా పాఠమునకు విప్పవలసిన ముడి యేదియు లేదు.

ఇట్టి పాఠము ఎంతకాలము నిలుచునో తెలిసికొనుటకు ఒక నిదర్శనము కలదు. 1971వ సంవత్సరము జూలై 4వ తేదీన అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయమున మైకేల్ హార్టు అను విద్యార్థి అమెరికా స్వాతంత్ర్య ప్రకటనను కంప్యూటరులో సాదా పాఠముగా ఎక్కించెను. అదియే పిమ్మట ప్రాజెక్టు గుటెన్‌బర్గు అను గొప్ప ఉచిత గ్రంథాలయమునకు మొదలయ్యెను. ఆనాటి యంత్రములు నేడు వస్తుప్రదర్శనశాలలలో తప్ప కానరావు. అయినను ఆనాడు ఎన్నుకొన్న సాదా పాఠపు రీతిని నేటి చిన్న ఫోను సైతము చదువగలదు.

2. తెలుగు అక్షరములు ఫోనులో నిలుచు తీరు

ఫోను అక్షరములను ఎఱుగదు, అంకెలనే ఎఱుగును. ఏ అక్షరమునకు ఏ అంకె అను పట్టిక ముందుగా ఏర్పడియుండవలెను. 1963లో అమెరికాలో ఏర్పడిన ఆస్కీ అను పట్టికయందు 128 స్థానములు మాత్రమే యుండెను. అందు రోమను అక్షరములకును అంకెలకును చోటు దొరకెను గాని తెలుగునకు దొరకలేదు. కావున తరువాత తెలుగును కంప్యూటరులో అచ్చొత్తదలచినవారు చాలమంది రోమను అక్షరముల స్థానములలోనే తెలుగు రూపములను అమర్చుకొనిరి. ఒక్కొక్కరి అమరిక ఒక్కొక్క విధముగా నుండెను. ఆ అమరికకు తగిన లిపి లేని యంత్రమున ఆ వ్రాత అర్థములేని రోమను అక్షరముల కుప్పగా కనబడును. ఇట్లు ఆ కాలమున కూర్చిన పుస్తకముల ఫైలులు నేడును కొందరి పెట్టెలలో చదువరాక పడియున్నవి.

1991లో యూనికోడు మొదటి కూర్పు వెలువడెను. అందు తెలుగునకు సొంత స్థానములు లభించెను. తెలుగునకు కేటాయించిన ఖండమున 128 స్థానములు కలవు. ఆ అంకెలను ఫైలులో వ్రాయు పద్ధతులు అనేకములు కలవు గాని, 1992 సెప్టెంబరులో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ అనువారు కల్పించిన యూటీఎఫ్-8 అను పద్ధతి నేడు లోకమంతట వ్యాపించినది. ఈ పద్ధతిలో రోమను అక్షరమునకు ఒక బైటు, తెలుగు గుర్తునకు మూడు బైట్లు పట్టును. "స్త్రీ" అను మాట కంటికి ఒక్క అక్షరముగా కనబడినను, ఫోనునకు అది ఆఱు గుర్తులు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘము. కావున 18 బైట్లు.

మూడు బైట్లు పట్టునని వెఱవనక్కరలేదు. రెండువేల గుర్తులు గల తెలుగు పుట 6,000 బైట్లగును. 30 లక్షల బైట్లు గల ఒక్క ఛాయాచిత్రము ఆక్రమించు చోటున ఇట్టి పుటలు 500 పట్టును.

ఇచ్చట ఒక భేదమును గుర్తుంచుకొనవలెను. అక్షరములను కొట్టుటకు ఉపయోగపడునది కీబోర్డు. తెరపై రూపమును చూపునది లిపి, అనగా ఫాంటు. వ్రాసినదానిని ఫైలుగా భద్రపఱచునది ఎడిటరు. ఈ మూడును వేఱువేఱు. ఒత్తు కొట్టుట రానియెడల తప్పు ఎడిటరుది కాదు, కీబోర్డును మార్చవలెను. ఒత్తు విడిపోయి కనబడినచో చాలమారులు లోపము చూపుటలోనే యుండును. ఫైలులోని అక్షరము చెడి యుండదు.

3. వ్రాత ఎవరి యొద్ద నున్నది?

ఎడిటరును ఎన్నుకొనుటలో అన్నిటికంటె ముఖ్యమైన ప్రశ్న ఇదియే. వ్రాత మన ఫోల్డరులో ఫైలుగా నున్నదా, లేక యాపు తన సొంత పెట్టెలో దాచుకొన్నదా?

ఫోనుతో వచ్చు నోట్సు యాపులలో అనేకములు వ్రాతను తమ లోపలి పెట్టెలో ఉంచును. లేదా ఖాతా పేరున దూరపు యంత్రమున ఉంచును. చూచుటకు అవి ఎడిటర్లవలెనే యుండును. కాని ఫైలుల జాబితాలో వెదకినచో మన వ్రాత కనబడదు. ఆండ్రాయిడు ఫోనులో ఒక యాపును తీసివేసినప్పుడు దాని సొంత పెట్టెయు దానితోడనే తుడిచివేయబడును. డాక్యుమెంట్స్ వంటి పొత్తు ఫోల్డరులో నున్న ఫైలు మాత్రము నిలిచియుండును.

ఒక బాలిక తన అమ్మమ్మ పాడు నాట్లపాటలను ఇరువదికి పైగా ఒక నోట్సు యాపులో వ్రాసికొన్నది. మడిలో దిగి నాటువేయునప్పుడు పాడు పాటలవి, పుస్తకములలో దొరకవు. ఫోనులో చోటు చాలక ఇంటివారు వాడుకలో లేని యాపులను తీసివేయుచు ఆ యాపును సైతము తీసివేసిరి. పాటలును పోయినవి. అమ్మమ్మకు అప్పటికి జ్ఞాపకశక్తి తగ్గియుండెను. మరల కూర్చుండి అడుగగా ఏడు పాటలు మాత్రము దొరకినవి. ఆ యింటివారు చేసిన పని లోకములో ఎల్లరును చేయునదే. వ్రాత యాపులో నున్నదో, ఫైలులో నున్నదో ఎవరును వారికి చెప్పియుండలేదు, అంతియే.

యాపు మంచిదైనను దాని యజమాని మారవచ్చును. సింపుల్ నోట్సు మొదలగు ప్రసిద్ధమైన చిన్న యాపులను చేసిన సింపుల్ మొబైల్ టూల్సు సంస్థ 2023 చివర మఱొక సంస్థకు అమ్ముడుపోయెను. ఆ యాపుల మూలరచన అందరికిని తెఱచియుండుటచేత కొందరు దానిని గ్రహించి, ఫాసిఫై అను పేరున ప్రకటనలు లేకుండ కొనసాగించుచున్నారు. ఇందువలన మనము నేర్చుకొనవలసిన దేమనగా, ఎడిటరు అద్దెయిల్లు వంటిది, వ్రాత మన సామాను వంటిది. ఏ దినమున వలయునన్న ఆ దినమున ఒక్క అక్షరమును పోగొట్టుకొనకుండ విడిచిపోవుటకు వీలైన ఎడిటరే మంచి ఎడిటరు.

4. చూడవలసిన గుణములు

మొదటిది: వ్రాసినదానిని మనము చూపిన ఫోల్డరులో, మనము పెట్టిన పేరుతో సాదా ఫైలుగా భద్రపఱచవలెను.

రెండవది: యూటీఎఫ్-8 పద్ధతిలో వ్రాయవలెను, ఇతర పద్ధతులలో నున్న ఫైలును తెఱచునప్పుడు పద్ధతిని మార్చి చూచుటకు వీలుండవలెను. ఒకానొకప్పుడు తెలుగు ఫైలు తెఱవగా, నెత్తిపై గీటు గల రోమను "ఏ" అక్షరము మాటిమాటికి వచ్చుచు వింత గుర్తులతో నిండి కనబడును. అప్పుడు భయపడవలదు. వ్రాత చెడిపోలేదు, ఎడిటరు తప్పు పట్టికను పట్టుకొని చదువుచున్నది. ఆ స్థితిలో మాత్రము భద్రపఱచరాదు. ఫైలును మూసి, యూటీఎఫ్-8 అని ఎన్నుకొని మరల తెఱవవలెను.

మూడవది: తనంతట తానే భద్రపఱచుచుండవలెను. వ్రాయుచుండగా ఫోను మ్రోగును. మాటలాడి తిరిగివచ్చునప్పటికి, జ్ఞాపకపు చోటు చాలక ఫోను ఆ ఎడిటరును మూసివేసియుండవచ్చును. భద్రపఱచనిది అప్పుడు దక్కదు.

నాలుగవది: చేసిన మార్పును వెనుకకు తీసికొనుటయు, మాటను వెదకుటయు, ఒక మాటకు బదులు మఱొక మాటను అంతటను ఉంచుటయు సులభముగా నుండవలెను. పొరపాటున వ్యాసమంతయు ఎంపికయై ఒక్క మీటతో పోయినప్పుడు వెనుకకు తీసికొను బాణపుగుర్తే రక్షించును.

ఐదవది: కనబడని గుర్తులను చెఱుపరాదు. తెలుగున హల్లు తరువాత హల్లు వచ్చినచో రెండవది ఒత్తుగా మారును. "రాజ్‌కుమార్" అని విడిగా వ్రాయవలెనన్నచో నడుమ కంటికి కనబడని విడదీయు గుర్తు నొకదానిని ఉంచవలెను. అది లేనియెడల "రాజ్కుమార్" అగును. ఈ గుర్తుపేరు జీరో విడ్త్ నాన్‌జాయినర్. ఇది చిన్న సంగతి యని తలపరాదు. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అను మన సంయుక్తాక్షరము ఈ గుర్తుతో కూడి ఒక విశేషమైన వరుసలో వచ్చినప్పుడు ఐఫోనులలోని యాపులు ఆగిపోవుచుండెను. ఆపిల్ సంస్థ ఆ నెల 19వ తేదీన 11.2.6 అను సవరణను వెలువరించి ఆ దోషమును తొలగించెను. దోషము వ్రాసినవారిది కాదు, చూపించు యంత్రముది.

ఆఱవది: అడుగరాని అనుమతులను అడుగరాదు. అక్షరములను వ్రాయు యాపునకు మనమున్న చోటుతోగాని, మన స్నేహితుల ఫోను సంఖ్యలతోగాని, మైకుతోగాని పనిలేదు. నెట్టు లేకున్నను పనిచేయవలెను. మధ్య మధ్య తెరనంతయు కప్పు ప్రకటనలు చూపు ఎడిటరు వ్రాయువాని తలపును తెంపివేయును.

5. ఎడిటరును పరీక్షించు విధము

అంగడిలో గింజ కొఱికి చూచి బియ్యము కొందురు. అట్లే ఎడిటరులో మొదట పది పంక్తులు వ్రాసి చూచి, పిమ్మట పెద్దపని నప్పగింపవలెను. అరగంటలో ముగియు పరీక్ష యిది.

మొదట ఎడిటరును తెఱచి ఈ మాటలను వ్రాయుము: స్త్రీ, జ్ఞానము, వాఙ్మయము, దుఃఖము, ఋణము, కఱవు, రాజ్‌కుమార్. వీనియందు మూడు హల్లుల కూడికయు, అరుదైన అక్షరములును, విసర్గయు, బండి ఱయు, కనబడని గుర్తును కలవు. పిమ్మట కొన్ని అంకెలను, ఒక ఆంగ్లవాక్యమును, రెండు ఖాళీ పంక్తులను చేర్చుము. "పరీక్ష" అని పేరు పెట్టి భద్రపఱచుము.

రెండవ మెట్టున ఎడిటరును మూసి, ఫోనులోని ఫైలుల జాబితాకు పోయి ఆ ఫైలును వెదకుము. కనబడనియెడల ఆ ఎడిటరు మొదటి పరీక్షలోనే తప్పినది.

మూడవ మెట్టున ఆ ఫైలును వేఱొక ఎడిటరుతో తెఱువుము. నాలుగవ మెట్టున మఱొకరి ఫోనునకో, పాఠశాలలోని కంప్యూటరునకో పంపి అచ్చట తెఱువుము. ప్రతి అక్షరమును మొదటిదానితో పోల్చి చూడుము. పాత కంప్యూటరైనచో రెండు సంగతులు గుర్తుంచుకొనుము. 2018కి పూర్వపు విండోసు నోట్‌ప్యాడు, ఫోనులో వ్రాసిన పంక్తుల ముగింపులను గుర్తింపలేక అన్నిటిని ఒకే పంక్తిగా చూపును. 2019లో వచ్చిన విండోసు 10 కూర్పు మొదలుకొని నోట్‌ప్యాడు యూటీఎఫ్-8నే తన వాడుక పద్ధతిగా గ్రహించినది. అంతకు పూర్వము భద్రపఱచునప్పుడు దానిని మనమే ఎన్నుకొనవలసియుండెను.

ఐదవ మెట్టున, ఒక పంక్తి వ్రాసి భద్రపఱచకయే ఎడిటరును మూసివేసి మరల తెఱువుము. ఆ పంక్తి యున్నయెడల అది తనంతట భద్రపఱచునని తెలియును. కట్టకడపట, ఫైలునకు మఱొక ప్రతి యుంచుకొని ఎడిటరును ఫోనునుండి తీసివేయుము. ఫైలు చోటనే యున్నచో ఆ ఎడిటరును మరల తెచ్చుకొని నిర్భయముగా వాడుకొనవచ్చును.

6. కొన్ని ఎడిటర్లు

ఆండ్రాయిడు ఫోనులలో మార్కర్ అను ఎడిటరు విద్యార్థులకు తగినది. అది ఉచితము, మూలరచన బహిరంగము, నెట్టు లేకయే పనిచేయును, వ్రాతను మనము చూపిన ఫోల్డరులో సాదా ఫైలులుగా ఉంచును. శీర్షికలకు, జాబితాలకు సాదా గుర్తులను వాడు మార్క్‌డౌను పద్ధతికిని అనుకూలించును. క్విక్ఎడిట్ అనునది పెద్ద ఫైలులను తెఱచుటకును, పద్ధతిని మార్చి చూచుటకును పేరుపొందినది. ప్రోగ్రాములు వ్రాయ నేర్చుకొనువారికి ఎకోడ్ అనునది ఉపయోగించును. ఐఫోనులలో రన్‌స్టోను, టెక్స్టాస్టిక్ అనునవి కలవు; రెండవదానిని వెలపెట్టి కొనవలెను.

ఈ పేర్లను చెప్పుట దారి చూపుటకే గాని తీర్పు చెప్పుటకు కాదు. యాపులు మారుచుండును. నేడు మంచిదైనది రేపు మారవచ్చును. పైన చెప్పిన పరీక్ష మాత్రము ఏ యాపునకైనను, ఏ యేటనైనను చెల్లును.

7. తల్లిదండ్రులకు ఒక మాట

చాల యిండ్లలో ఒకే ఫోను అందరిదియు. తండ్రి పాలలెక్క, తల్లి స్వయంసహాయక సంఘపు లెక్క, బిడ్డ వ్యాసము అందులోనే యుండును. ఫోనులో ఒక ఫోల్డరును పిల్లల వ్రాతకని వేఱుచేసి, దానిని ఎవరును తుడువరాదని యింట నియమము పెట్టవలెను. నెలకొకమారు ఆ ఫోల్డరును మెమరీ కార్డులోనికో, బంధువుల ఫోనునకో ప్రతిచేయవలెను. ఒకే ప్రతి యున్నది లేనిదానితో సమానమని తలపవలెను. సి. పి. బ్రౌను పందొమ్మిదవ శతాబ్దమున జీతమిచ్చి వ్రాయసగాండ్రచేత తాళపత్రగ్రంథములకు ప్రతులు ఎత్తించుటచేతనే మన కావ్యములు పెక్కు నశింపక నిలిచెను. ఆయన నెలల తరబడి చేయించిన పనిని నేడు మనము ఒక్క వ్రేలితో చేయగలము. చేయమి మనకే కొఱత.

విద్యార్థులారా, మీరు ఈ సెలవులలో ఇంటిలోని పెద్దవారిని అడిగి ఒక పాటనో, సామెతలనో, పంటల పేర్లనో, మీ యూరి చెఱువు కథనో వ్రాసికొనుడు. ఏ ఎడిటరులోనైనను వ్రాయుడు. సాదా పాఠముగా, మీ ఫోల్డరులో, రెండు ప్రతులుగా ఉంచుడు. మీ పిల్లలు వాడబోవు యంత్రము ఎట్లుండునో మనకు తెలియదు. అది సాదా పాఠమును చదువలేక పోవుటకు మాత్రము కారణ మేదియు కానరాదు.

అభ్యాసము

1. "అమ్మ" అను మాటకు యూటీఎఫ్-8 పద్ధతిలో 12 బైట్లు ఎట్లగునో గుర్తులను విడదీసి చూపుము. నీ పేరునకు ఎన్ని బైట్లగునో లెక్కింపుము.

2. కీబోర్డు, లిపి, ఎడిటరు, వీని పనులను వేఱుచేసి వ్రాయుము.

3. నీ యింటి ఫోనులో ఇప్పుడు వాడుచున్న వ్రాతయాపును ఐదవ భాగమున చెప్పినట్లు పరీక్షించి, ఏ మెట్టున నిలిచెనో, ఏ మెట్టున తప్పెనో తెలుపుము. యాపును తీసివేయుటకు ముందు అందులోని వ్రాతకంతకును ప్రతి యెత్తి యుంచుకొనుట మఱువకుము.